గోళ్ళ కొసల దాకా

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. దేవుడు ఒక్కొక్క మనిషి బతుకులోంచీ తనను తానే రుచి చూసుకుంటాడన్న ఊహను పట్టుకున్నావు, దానికి గుడి ముందు పూలమ్మే ఆవిణ్ణి ఎంచుకున్నావు. ఎంపిక బాగుంది. కానీ మూడో పేజీకల్లా ఆవిడ మాయమైపోయి, ఆ పీట మీద విశ్వచైతన్యం కూర్చుంది. ఇలాంటి కథలు నూటికి తొంభై చెడేది అక్కడే. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మూలం చూడు. బృహదారణ్యక ఉపనిషత్తులో మొదటి అధ్యాయం, నాలుగో బ్రాహ్మణం, అంటే నాలుగో విభాగం. మొదట ఒక్కడే ఉన్నాడు. భయపడ్డాడు. నేను తప్ప ఇంకేదీ లేనప్పుడు భయం దేనికి అనుకున్నాడు, భయం పోయింది. పోయినా ఆనందం రాలేదు. 'ఏకాకీ న రమతే', ఒంటరికి సంతోషం ఉండదు. రెండో తోడు కోరుకున్నాడు. తనను తానే రెండుగా చీల్చుకున్నాడు, ఆ ఇద్దరూ భార్యాభర్తలయ్యారు. అక్కడ యాజ్ఞవల్క్య ఋషి మాట ఒకటి వస్తుంది: మనలో ప్రతివాడూ గింజలో సగం లాంటివాడు అని. మన మాటల్లో పప్పుబద్ద. తిరగలిలోంచి రాలిన కందిబద్దను అరచేతిలో వేసుకుని చూడు: ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును. ఆ చదును వైపే ఇంకో బద్ద ఆనుకుని ఉండేది. సృష్టి గురించి చెప్పాల్సిన చోట వంటింటి గింజ తెచ్చాడాయన. నువ్వేమో నక్షత్రమండలం తెచ్చావు.

తర్వాత ఏం జరుగుతుందో కూడా గమనించు. చీలి వచ్చిన ఆ భార్య అనుకుంటుంది, తనలోంచే నన్ను పుట్టించి నాతోనే ఎలా కలుస్తాడు, దాక్కుంటాను అని. ఆవు అవుతుంది, అతను ఎద్దవుతాడు. గుర్రమవుతుంది, గాడిదవుతుంది, మేకవుతుంది, అలా చీమల దాకా. అంటే లోకం దాగుడుమూతలతో మొదలైంది. దాక్కోవడమే లేకపోతే రెండోవాడు లేడు, రెండోవాడు లేకపోతే రుచి లేదు. నీ కథలో దేవుడికి మొదటి పేరాలోనే అంతా తెలుసు. సాయంత్రం పూలు మిగులుతాయని తెలుసు, వాన పడుతుందని తెలుసు. తెలిసినవాడికి ఎదురుచూపు ఉండదు. ఎదురుచూపు లేని చోట అనుభవం పుట్టదు.

ఇక ఏ దర్శనం, అంటే ఏ తత్త్వసిద్ధాంతం, ఇంట్లో కూర్చుని రాస్తున్నావో తేల్చుకో. నీ కథలో నాలుగు కలగలిసిపోయాయి. ముండక ఉపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది. అక్కడ దేవుడు సాక్షి. ఉపనిషత్తుల అర్థాన్ని తేల్చే బ్రహ్మసూత్రాల్లో (1.2.8) నీ ప్రశ్నే సూటిగా వస్తుంది: ప్రతి హృదయంలోనూ బ్రహ్మం ఉంటే మన సుఖదుఃఖాలు దానికీ అంటవా? అంటవు, తేడా ఉంది అని జవాబు. శంకరుల అద్వైతంలో భోగమంతా, అంటే సుఖదుఃఖాల అనుభవమంతా, అజ్ఞానం వల్ల తోచేది. రామానుజుల దగ్గర జీవులూ జగత్తూ ఆయనకు శరీరం. అయినా కర్మఫలం జీవుడిదే, ఆయనను అంటదు. కాబట్టి 'ఆవిడ ఏడిస్తే దేవుడే ఏడ్చాడు' అనే వాక్యం ఈ రెండిళ్ళలోనూ చెల్లదు. తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

ఆ వాక్యానికి చోటున్న ఇల్లు కాశ్మీర శైవం, శివుడే అన్నీ అయ్యాడనే దర్శనం. అభినవగుప్తుని శిష్యుడు క్షేమరాజు రాసిన ప్రత్యభిజ్ఞాహృదయంలో ఇరవై సూత్రాలే. రెండో సూత్రం చెబుతుంది, చితి, అంటే చైతన్యం, తన ఇష్టంతో తన గోడ మీదే ఈ లోకపు బొమ్మను విప్పుతుందని. ఈ శైవానికే మూలగ్రంథమైన శివసూత్రాల్లో మూడో భాగంలో వరసగా మూడు వస్తాయి: ఆత్మ నర్తకుడు, అంతరాత్మ రంగస్థలం, ఇంద్రియాలు ప్రేక్షకులు. మన కూచిపూడి ఎరిగినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ విసిరినప్పుడు, ఆ గర్వం భామదే. వేషం కట్టినవాడు తానెవరో మరిచిపోడు. కానీ నడుమ అది పైకి తేలితే ఆట చెడుతుంది. నీ కథలో ఆ తప్పు ఏడు చోట్ల ఉంది. పెన్సిలుతో గుర్తు పెట్టాను.

ఈ శైవులే నీకు చేతికి పనికొచ్చే సాధనం ఒకటి ఇచ్చారు, పంచకంచుకాలు. శివుడు జీవుడు కావడానికి ఐదు అంగీలు తొడుక్కుంటాడు. అన్నీ చేయగలవాడు కొంతే చేయగలవాడవుతాడు, అది కళ. అన్నీ తెలిసినవాడికి కొంతే తెలుస్తుంది, అది విద్య. నిండుగా ఉన్నవాడికి ఏదో లోటనిపిస్తుంది, రాగం. ఎప్పుడూ ఉండేవాడికి ముందూ వెనకా ఏర్పడతాయి, కాలం. అంతటా ఉన్నవాడు ఒక చోటికి, ఒక పద్ధతికి కట్టుబడతాడు, నియతి. పాత్రను తయారుచేయడానికి ఇంతకంటే మంచి కొలత ఎవరూ ఇవ్వలేదని నా నమ్మకం. కథ మొదలెట్టేముందు ఒక కాగితం మీద ఒక్కో కంచుకానికి ఒక్క వాక్యం రాసుకో. అందులో పెద్ద మాటలు వద్దు.

నీ పూలావిడకే పెట్టి చూద్దాం. కళ: నార మీద అటు రెండు, ఇటు రెండు మల్లెమొగ్గలు పెట్టి ముడి వేస్తుంది, ఎంత చురుకైన చేయి అయినా జనం వచ్చేవేళకు కట్టగలిగినవి కొన్ని మూరలే. విద్య: రేపు పెళ్ళి ముహూర్తం ఉందని తెలుసు, ఈ సాయంత్రం వాన ఉందని తెలీదు. రాగం: ఆవిడ తలలో పూలు పెట్టుకోవడం మానేసి తొమ్మిదేళ్ళు, రాత్రి అన్నం కలుపుతుంటే వేళ్ళకు అదే వాసన. కాలం: మొగ్గగా ఉన్నప్పుడే కట్టాలి, తడిగుడ్డ కప్పి ఉంచాలి, చీకటిపడేసరికి విచ్చుకుంటాయి, తెల్లారితే ఎవరూ కొనరు, అందుకే ఎనిమిది దాటాక ధర దిగుతుంది. నియతి: మెట్లకు ఎడమవైపు మూడో చోటు, ఇంకెక్కడ కూర్చున్నా పక్కావిడ ఊరుకోదు. ఈ ఐదూ రాశావంటే దేవుణ్ణి విడిగా పిలవక్కర్లేదు. ఎవరికి ఏ హద్దూ లేదో, ఆయన ఇంతలో ఇమిడాడని ఆ హద్దులే చెబుతాయి.

మూర వేసే ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగు. దండ కొసను మోచేతి దగ్గర ఆనించి నడివేలి చివర దాకా లాగుతుంది. పొట్టి చేయి అయితే మూర పొట్టి. కొనేవాళ్ళు 'నీ చేయి చిన్నది, ఇంకో నాలుగు ముళ్ళు వెయ్యి' అని బేరమాడతారు, ఆవిడ వేస్తుంది. ఇప్పుడు మళ్ళీ ఆ ఉపనిషత్తే తెరువు. లోపలికి ప్రవేశించాడు, ఎందాకా? 'ఆ నఖాగ్రేభ్యః', గోళ్ళ కొసల దాకా. మంగలి పొదిలో కత్తిలా ఇమిడి ఉన్నాడు అని ఉపమానం. ఊపిరి పీలిస్తే ప్రాణం అంటారు, మాట్లాడితే వాక్కు అంటారు, చూస్తే కన్ను అంటారు. ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా ఆయన పూర్తిగా దొరకడు. కానీ ఈ మాట కథలో రాయకు. ఆవిడ నడివేలి గోరు కింద ఆకుపచ్చ పసరు చారను రాయి, చాలు.

సిద్ధాంతం ఎంత, కంటికి కనిపించేది ఎంత అన్న ఈ నిష్పత్తి తెలుగులో నేర్చుకోవాలంటే అన్నమయ్య (1408–1503) ఉన్నాడు. 'బ్రహ్మమొకటే' కీర్తన తీసుకో. అందరికీ శ్రీహరే అంతరాత్మ అన్న సిద్ధాంతం పైన తేలిపోయింది. ఆ కింద చరణాల నిండా ఏముంది? రాజు నిద్ర, బంటు నిద్ర. బ్రాహ్మణుడు మెట్టిన నేల, చండాలుడు ఉన్న నేల. మంచి అన్నం తినేవాడి ఆకలి, చెడిన అన్నం తినేవాడి ఆకలి. ఏనుగు మీద ఎండ, కుక్క మీద ఎండ. వాదన ఒక్కటీ లేదు. నిద్ర తూకం వేసి చూపించాడు, అంతే. నీకు కొలత కావాలంటే ఇది పెట్టుకో: వెయ్యి మాటల కథలో చైతన్యం, అనంతం, వెలుగు, విశ్వం లాంటివి మొత్తం కలిపి మూడు దాటకూడదు. నీ కథలో మొదటి పేజీలోనే పదకొండున్నాయి.

కష్టం దగ్గర మరీ జాగ్రత్త. మామూలు వసూలు చేసేవాడు బుట్ట తన్నిన చోట, 'తన్నినవాడూ ఆయనే, తన్నించుకున్నదీ ఆయనే' అని రాశావు. లెక్క ప్రకారం తప్పు కాకపోవచ్చు. ఆ చోటున ఆ మాట మాత్రం తన్నినవాడి పక్షం చేరుతుంది. దేవుడికి పక్షపాతమూ క్రూరత్వమూ అంటవా అన్న ప్రశ్న బ్రహ్మసూత్రాల్లోనే ఉంది (2.1.34), జీవుల కర్మను బట్టే ఇస్తాడని సమాధానమూ ఉంది. శాస్త్రంలో అది నిలుస్తుంది; కడుపు నిండినవాడు కాళ్ళ దగ్గర పూలు ఏరుకునేదానికి అదే చెబితే హింస అవుతుంది. కథలో ఏ సిద్ధాంతం వచ్చినా ఎవరి నోట వచ్చిందో చూసుకో. ఇక్కడ నువ్వు ఏరుకునే చేతుల దగ్గరే కూర్చుని రాయి. ఎన్ని మొగ్గలు నలిగాయి, ఎన్ని కడిగితే పనికొస్తాయి, పక్కావిడ చూసీ చూడనట్టు తన బుట్టలోంచి ఎన్ని తీసి ఇచ్చింది. ఆ ఇచ్చిన గుప్పెడు గురించి ఏ వ్యాఖ్యానమూ వద్దు.

ముగింపులో ఆవిడ వెలుగులో కలిసిపోవడం తీసెయ్. ఇన్ని అంగీలు తొడుక్కుని వచ్చినవాణ్ణి నాలుగు పేజీలకే విప్పించి పంపేస్తే రావడం ఎందుకు? మిగిలిన పూలు బుట్టలో వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళనీ.

రెండో చిత్తు రాశాక ఒకసారి పైకి చదువు. కంటికీ ముక్కుకీ చేతికీ అందని మాట ఎక్కడ వచ్చినా కింద గీత గీయి. పేజీకి నాలుగు గీతలు దాటితే ఆ పేజీ మళ్ళీ రాయి. 'దేవుడు' అన్న మాట ఈ రెండో చిత్తులో అసలు వాడకు. మూడోదానిలో ఎక్కడ తప్పనిసరో అక్కడ తనంతట తనే వస్తుంది, భక్తులు గుడి మెట్ల మీద అనే మాటగానైనా.

ఇంకొక్కటి. నీ కథ ధనుర్మాసంలో జరుగుతోంది. మల్లెలు ఎండాకాలం పూలు, ఆ చలిలో బుట్టల కొద్దీ రావు. చామంతులు పెట్టు, లేదా కథను చైత్రానికి జరుపు. చామంతులే పెడితే సాయంత్రానికి విచ్చుకోవడం ఉండదు, మర్నాటికీ నిలుస్తాయి. అప్పుడు ఐదు వాక్యాల్లో కాలం వాక్యం మొత్తం మార్చుకోవాలి, ఎనిమిది తర్వాత ధర దిగే చోటు కూడా. ఏది ఎంచుకున్నావో రాసి, ఆ కాగితం కూడా కథతో కలిపి పంపు.

ఆశీస్సులతో.