దేనితో చూస్తుందండీ?

అమ్మాయీ,

సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కాలిన గాయాల గురించి, వెంటిలేటర్ మీదున్నవాళ్ళ ఊపిరితిత్తుల గురించి రాసిన భాగం బాగుంది. మొదటి పేజీలో మాత్రం బ్యాక్టీరియా పొంచి ఉంటుంది, పసిగడుతుంది, అదను చూసి, మన కణంలోకి విషప్రొటీన్లు ఎక్కించే తన సూది దింపుతుంది. నా తొలి రోజుల్లో నేనూ ఇలాగే "మన కణాన్ని చూడగానే" అని రాస్తే, ఒక పాఠకుడు కార్డు ముక్క మీద అడిగాడు: "దేనితో చూస్తుందండీ?" నా దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నీ దగ్గర జవాబు ఉంది. కానీ దాన్ని నాలుగు పేర్ల కుప్ప చేసి ఒక్క వాక్యంలో తోసేశావు. అసలు కథ అదే కదమ్మా! కబడ్డీ అనుకో. సూది తయారీ జన్యువుల్ని పనిలోకి దింపే ప్రొటీన్ ఎక్స్‌ఎస్‌ఏ. దాన్ని ఎక్స్‌ఎస్‌డీ పట్టేసుకుని ఉంటుంది. ఆ డీని పట్టగలిగేది ఎక్స్‌ఎస్‌సీ. కానీ ఆ సీని ఎక్స్‌ఎస్‌ఈ కదలనివ్వదు. అప్పటికే కొన్ని సూదులు నోరు మూసుకుని సిద్ధంగా ఉంటాయి. మన కణం తగిలితే, ల్యాబ్‌లో అయితే ద్రవంలో కాల్షియం తగ్గిస్తే, ఆ నోళ్ళు తెరుచుకుంటాయి. ఈ అనే ప్రొటీన్ ఆ సూదిలోంచే బయటికి పోతుంది. చేతులు ఖాళీ అయిన సీ వెళ్ళి డీని పట్టుకుంటుంది. ఎక్స్‌ఎస్‌ఏ విడుదలై డీఎన్‌ఏ మీద చేరుతుంది, ఇంకా సూదులు తయారవుతాయి. ఇందులో చూసినవాళ్ళెవరూ లేరు. తలుపు తెరుచుకుంటే గడియే బయటికి పోయింది.

దీనికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు. రాశాక మీ అమ్మకి చదివి వినిపించు. "ఎవరు ఎవర్ని పట్టుకున్నారే?" అని ఆవిడ అడిగితే మళ్ళీ రాయాల్సిందే.

ఆ సూదికి నువ్వు వాడిన 'తృతీయ శ్రేణి స్రావక వ్యవస్థ' అన్న పేరు కొట్టేశాను. ఒకసారి టైప్ త్రీ అని చెప్పి, ఆ తర్వాత సూది అంటే చాలు.

"అన్నీ ఒక్కుమ్మడిగా దాడి చేస్తాయి" అన్న వాక్యం కూడా తీసెయ్. సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియానే చూడు. ఒకే జన్యువులున్న గుంపులో కొన్నే సూదులు కట్టుకుంటాయి, కట్టుకున్నవి మెల్లగా పెరుగుతాయి. ఖర్చు ఎక్కువమ్మా ఆ యంత్రానికి. అన్ని తాళాలు ఎందుకో పాఠకుడికి తెలిసేది ఇక్కడే. నువ్వేమో దీన్ని ఫుట్‌నోట్‌లో పడేశావు!

ప్లేగు బ్యాక్టీరియా సంగతి రెండు వాక్యాల్లో ముగించు: అక్కడ అలాంటి జన్యువుల్ని నడిపే ప్రొటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ చల్లగా ఉంటే ముడుచుకుని ఉంటుంది, మన ఒంటి వేడికి, 37 డిగ్రీల దగ్గర, విప్పుకుంటుంది. అప్పుడే ఆ ప్రొటీన్ బాగా తయారవుతుంది. అంతకంటే సాగదీస్తే సూడోమోనాస్ పలచబడుతుంది.

ఆదివారం దాకా ఊళ్ళో ఉండను. సోమవారం పంపు. ఈసారి మొదటి వాక్యంలోనే ఎక్స్‌ఎస్‌ఈ సూదిలోంచి బయటపడుతూ ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు