తుక్కు కొట్టు పెడుతున్న మేనల్లుడికి

చి. అప్పలరాజుకి మావయ్య ఆశీస్సులు.

నరసన్నపేటలో షెడ్డు అద్దెకి మాట్లాడావని, పాత టీవీలు, ఫోన్లు, కంప్యూటర్లు కొనే వ్యాపారం పెడతావని మీ అమ్మ చెప్పింది. "వాడికేటి తెలుసన్నయ్యా, నువ్వే నాలుగు ముక్కలు రాయి" అంది. విజయనగరంలో ఇన్నేళ్లు టీవీలు బాగుచేసి, తర్వాత పాత సామాన్లు కొని అమ్మి బతికినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. కాగితమైతే గల్లాపెట్టెలో పడుంటుంది.

ఇనుప తుక్కులో డబ్బంతా కాటా మీదే ఉంటుంది. కరెంటు సామాన్ల తుక్కులో రెండు చోట్ల ఉంటుంది. ఒకటి లోపలున్న రాగి, అల్యూమినియం, బోర్డుల మీద పూసిన బంగారం. రెండోది, ఆ సరుకు పద్ధతిగా రీసైక్లింగుకి వెళ్లిందని చెప్పే కాగితం. మన వైపు అందరూ మొదటిదాని వెనకే పడతారు. నువ్వు రెండోదాన్ని కూడా అర్థం చేసుకుంటేనే ఈ వ్యాపారంలో నిలబడతావు.

ఆ కాగితం కథ 1990లో స్వీడన్‌లో మొదలైంది. వస్తువు తయారుచేసిన కంపెనీయే అది పాడయ్యాక అయ్యే ఖర్చు కూడా భరించాలని థామస్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన అక్కడి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. చివరి ఖర్చు తన నెత్తిన పడుతుందంటే కంపెనీవాడు విప్పడానికి, బాగుచేయడానికి వీలుగా తయారుచేస్తాడని ఆయన ఆశ. ఆ ఆశ ఎంతవరకు తీరిందో నన్నడిగితే, పెద్దగా తీరలేదనే చెబుతాను. నాలుగు స్క్రూలు తీస్తే వెనక డబ్బా ఊడొచ్చే టీవీలు విప్పినవాణ్ని నేను. ఇప్పుడు ఫోన్లో బ్యాటరీ తీయాలన్నా జిగురు కరిగించాలి.

అయితే డబ్బు ఎవరు కట్టాలన్న సంగతి మాత్రం చాలా దేశాల్లో తేలింది. జపాన్‌లో 2001 నుంచి ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పారేయాలంటే ఇంటివాళ్లే రీసైక్లింగ్ ఫీజు కట్టాలి. స్విట్జర్లాండ్‌లో కొత్తది కొనేటప్పుడే ధరలో కలిపి తీసేసుకుంటారు. కాలిఫోర్నియాలో 2005 నుంచి స్క్రీన్ ఉన్న సామాన్లకి అంతే, అమెరికా మొత్తానికి మాత్రం ఒక చట్టమంటూ లేదు. యూరప్‌లో 2003లో వచ్చిన చట్టం ప్రకారం ఖర్చు కంపెనీలది. కొత్త ఫ్రిజ్ అమ్మిన షాపు పాతదాన్ని ఊరికే తీసుకోవాలి. నీ ఫోను చార్జరు మీద చూడు, చక్రాల చెత్తడబ్బా మీద ఇంటూ గుర్తు ఉంటుంది. అది ఆ చట్టం గుర్తే, దీన్ని మామూలు చెత్తలో వేయకూడదని.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. జపాన్‌లో ఫ్రిజ్ వదిలించుకోవడానికి మనిషి డబ్బిస్తాడు. మన దగ్గర పాడైన మిక్సీకి కూడా ముసలమ్మ బేరమాడుతుంది, డబ్బు కాకపోతే స్టీలు గిన్నె అయినా ఇమ్మంటుంది. తప్పేం లేదు, ఆవిడ డబ్బుతో కొన్న వస్తువే కదా. కాబట్టి నీ పెట్టుబడి కొనుగోలు దగ్గరే మొదలవుతుంది, దేశంలో సరుకంతా నీలాంటి కొట్టువాళ్ల చేతుల మీదుగానే కదులుతుంది. చట్టం రాసినవాళ్లు ఇది సరిగా పట్టించుకోలేదని నా బాధ. ఈ తుక్కు మీద కేంద్రం తెచ్చిన 2016 రూల్సులో సేకరణ కేంద్రాల ఊసు, విడగొట్టేవాళ్ల ఊసు అన్నా ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త రూల్సులో రిజిస్ట్రేషన్ నాలుగు రకాలవాళ్లకే: తయారీదారు, తన పేరుతో అమ్మే కంపెనీ, బాగుచేసి అమ్మే రీఫర్బిషర్, రీసైక్లర్. ఆటోలో మైకు కట్టుకుని తిరిగేవాడికి అందులో పేరే లేదు.

లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను. కొన్నేళ్ల కిందట అమ్మిన సరుకు బరువులో ఇంత శాతం రీసైకిల్ చేయించానని కంపెనీ ప్రతి ఏడూ చూపించాలి. మొదటి రెండేళ్లకి 60 శాతం, 2025-26 నుంచి రెండేళ్లకి 70, ఆ తర్వాత 80. కంపెనీ తాను ఊళ్లు తిరిగి పోగుచేయదు. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర నేను చెప్పిన ఆ కాగితాలు, అంటే సర్టిఫికెట్లు, కొంటుంది. రీసైక్లర్‌కి ఆ సర్టిఫికెట్లు ఎలా వస్తాయి? అతను తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము బరువును బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో పుడతాయి. ఈ ఒక్క ముక్క బాగా గుర్తుంచుకో. కంప్రెసర్ పీకేసిన ఫ్రిజ్, బోర్డు తీసేసిన టీవీ అతనికి ఇనుప డొక్కుతో సమానం. సరుకు నిండుగా ఉంటే అతనికి లోహమూ వస్తుంది, సర్టిఫికెట్టూ వస్తుంది. అందుకని విప్పకుండా అమ్ము. రాగి విడిగా అమ్మితే ఆ రోజుకి చేతిలో ఎక్కువ కనబడుతుంది, నిజమే. మిగిలిన డొక్కు మాత్రం ఎవడూ కొనడు, నీ షెడ్డులో పేరుకుపోతుంది.

ఈ సర్టిఫికెట్లకి ధర పడిపోకుండా 2024లో గృహోపకరణాలకి కిలోకి కనీసం 22 రూపాయలని పెట్టారు. అది ఎక్కువని పెద్ద పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఆ 22 రూపాయలు నీకొచ్చే ధర అనుకునేవు సుమా. అది రీసైక్లర్‌కి కంపెనీ ఇచ్చేది. కాకపోతే ఆ డబ్బు తనకి వస్తుంది కాబట్టి మార్కెట్టు రేటు కన్నా నీకు కాస్త ఎక్కువ ఇవ్వగలడు. అడిగితేనే ఇస్తాడు. ఒక్క ఆటో సరుకుతో వెళ్లి అడిగితే నవ్వుతాడు. టెక్కలి, పలాస, ఆమదాలవలస కొట్టువాళ్లతో మాట్లాడుకుని లారీ నిండాక ఫోను చెయ్యి, అప్పుడు బేరం నీ చేతిలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉందో లేదో అతని మాట నమ్మొద్దు, మండలి వెబ్‌సైటులో పేరు చూసుకో. ప్రతి లోడుకీ తూకం చీటీ, బిల్లు తీసుకుని ఫైల్లో పెట్టు.

సరుకు లేకుండా బిల్లు రాసిమ్మని నీ దగ్గరికీ ఎవరో ఒకరు వస్తారు, కమీషన్ ఇస్తామంటారు. ప్లాస్టిక్ తుక్కులో ఇలాంటి దొంగ సర్టిఫికెట్లు 6 లక్షలకు పైగా 2023లో బయటపడ్డాయి. టీ ఇచ్చి పంపించెయ్యి, అంతకన్నా మాట్లాడకు.

"చిన్న కొట్టుకి ఆ రూల్సు వర్తించవట కదా మావయ్యా" అంటావు. మైక్రో సంస్థలకి మినహాయింపు ఉన్నమాట నిజమే. అది చూసుకుని మురిసిపోకు. అమ్మేవాళ్లకి మినహాయింపు లేదు కదా. ఏడాదిలో వెయ్యి గానీ అంతకన్నా ఎక్కువ గానీ కరెంటు సామాన్లు వాడే సంస్థ తన పాతవి రిజిస్టరైనవాళ్లకే ఇవ్వాలి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో, పెద్ద ఇంజినీరింగ్ కాలేజీల్లోనో పాత కంప్యూటర్ల వేలం పడితే నీ పేరు మీద పాట పాడకు. రీసైక్లర్ పేరు మీద అతను పాడతాడు, ఎత్తి లారీలో వేసే పని, తూకం, లోడింగు కూలి నువ్వు మాట్లాడుకో. లాభం తక్కువైనా ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా టెన్షన్ ఉండదు. మంచి ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మాలనుకుంటే రీఫర్బిషర్‌గా రిజిస్టరవ్వు. బాగయ్యేదాన్ని బాగుచేయడం నా లెక్కలో రీసైక్లింగు కన్నా పై పని, డబ్బు కూడా అందులోనే ఉంది.

వైర్లు కాల్చడం గురించి వేరుగా చెప్పక్కర్లేదనుకున్నాను, కానీ మీ ఊరవతల పొలాల్లో రాత్రిపూట ఆ కంపు వస్తోందని మీ అమ్మే చెప్పింది. ఆ పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. చైనాలో గుయు అనే ఊళ్లో ప్రపంచం తుక్కంతా తెచ్చుకుని కాల్చారు, బోర్డుల్ని ఆసిడ్‌లో ముంచారు. అక్కడి పిల్లల రక్తంలో సీసం మోతాదు మించి ఉందని పరిశోధకులు తేల్చారు. పోనీ లాభమేమైనా ఉందా అంటే కాలిన రాగికి రేటు తక్కువ, తొక్క ఒలిచిన మెరుపు రాగికి ఎక్కువ. వైరు ఒలిచే చిన్న మెషీన్ కొనుక్కో. బోర్డుల్లోంచి బంగారం తీయడం నేర్పిస్తామని ఆసిడ్ క్యాన్లతో దిగేవాళ్లుంటారు, వాళ్లని గుమ్మం ఎక్కనివ్వకు.

పిక్చర్ ట్యూబ్ టీవీలు ఇంకా వస్తాయి. గాజులో సీసం ఉంది, లోపల వాక్యూమ్ ఉంది, పగిలితే మొహం మీదికి పేలుతుంది. దానికి పెద్ద ధర ఇవ్వకు, ఇచ్చినా ట్యూబు మాత్రం ముట్టుకోకు. ఫ్రిజ్ గొట్టం కొయ్యొద్దు. పాతవాటిలో గ్యాసు ఓజోన్ పొరకి చేటు, కొత్తవాటిలో చాలావరకు నిప్పంటుకునే గ్యాసు. ఉబ్బిన ఫోను బ్యాటరీని మిగతావాటితో కలపకుండా ఇసుక పోసిన ఇనుప డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టు. కాటా దగ్గర కుర్రాళ్లు వాటిని మేకుతో గుచ్చి ఆడుకుంటారు, ఆ పని చేస్తే ఆరోజే మాన్పించు. ఇన్వర్టర్ బ్యాటరీలకి 2022లో వేరే రూల్సొచ్చాయి, వాటి రీసైక్లర్లు కూడా వేరు. 2018లో తిత్లీ తుపానుకి కరెంటు లేక చీకట్లో కూర్చున్నాక మన చుట్టాల్లోనే ఎంతమంది ఇన్వర్టర్లు కొన్నారో నీకు తెలుసు. ఆ బ్యాటరీలు వరసగా చచ్చి కొట్టుకి వస్తాయి. ఆసిడ్ కాలవలో పారబోసి తేలిక చేసి అమ్మేవాళ్లున్నారు. నువ్వు నిండుగానే కొని నిండుగానే అమ్ము.

ఫోన్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే ఆ ఫోను గుర్తింపు నంబరు, అదే ఐఎంఈఐ, వస్తుంది, దాన్ని సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూస్తే బ్లాకైన ఫోనో కాదో తెలుస్తుంది. అమ్మేవాడి ఆధార్ జిరాక్సు తీసుకో. ఎంత తెలిసినవాడైనా తీసుకో. లోపలి ఫొటోలు వాళ్ల ముందే చెరిపెయ్యి. ఈ ఒక్క అలవాటు వల్ల ఆడవాళ్లు నీ కొట్టునే వెతుక్కుంటూ వస్తారు.

ఆఖరిగా కొట్టుకి సరుకు ఎప్పుడొస్తుందో చెబుతాను. దసరా ఆఫర్లలో పాత టీవీలన్నీ షోరూములకే పోతాయి, అప్పుడు నీకు పెద్దగా ఉండదు. సంక్రాంతికి ఇళ్లు దులిపే వారం నీది. ఈమధ్య భోగిమంటలో విరిగిన కుర్చీలతో పాటు తెగిన వైర్లు, కీబోర్డులు, పాడైన మిక్సీలు కూడా పడేస్తున్నారు. ఆ వారం ఆటో కట్టించుకుని వీధివీధికీ తిరుగు. మైకులో ధరలు చెప్పు, గుండ్రంగా "మంచి రేటు" అనకు. సరుకు దొరుకుతుంది, కొంత పొగా తగ్గుతుంది.

షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చేముందు నేల సిమెంటుదేనా, వానకి నీళ్లొస్తాయా కనుక్కో. మట్టి నేలైతే సిమెంటు చేయించిమ్మని ఓనర్ని అడుగు, కాదంటే వేరేది చూడు. నా దగ్గరున్న మల్టీమీటర్, పాత తూకం కాటా నీకే ఇచ్చేస్తాను, ఆదివారం బస్సెక్కి రా. మీ అమ్మ మోకాళ్ల నొప్పికి తైలం అడిగింది, అది కూడా నీకే ఇచ్చి పంపిస్తాను.

మీ మావయ్య,
విజయనగరం