బేసిల్ కోత: కణుపు చూసి కత్తెర వేయండి

ప్రశ్న: ఆనందపురం మండలంలో ఐదు సెంట్లలో ఇటాలియన్ బేసిల్ (ఇటలీ వంటల్లో వాడే, తులసి జాతి ఆకు) వేసి, విశాఖ బీచ్ రోడ్డు హోటళ్లకు ఇస్తున్నాను. కింది నుంచి పెద్ద ఆకులు ఏరి కోస్తున్నాను. మొక్కలు పొడుగ్గా సాగి పూతకు వచ్చాయి, ఆకు చిన్నదైపోతోంది. కోసిన ఆకు రాత్రి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి నల్లబడుతోంది. ఏం చేయాలి?
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది తెగులు కాదు. కోసే తీరు, దాచే తీరు మార్చుకుంటే చాలు. మందుల మీద డబ్బు పోయకండి.

గోంగూర దూసినట్టు బేసిల్‌కు కింది ఆకులు దూస్తే మొక్కకు ఆహారం తయారుచేసే పెద్ద ఆకులే పోతాయి. కొన మాత్రం అలాగే ఉండి, పక్క చిగుళ్లను ఎదగనివ్వకుండా పైకి సాగి పూతకు వచ్చేస్తుంది. ఒక మొక్క దగ్గర కూర్చుని చూడండి. ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండు ఆకులుంటాయి. ఆకు తొడిమకూ కాండానికీ మధ్య మూలలో బుల్లి చిగురు కనిపిస్తుంది. ఆ కణుపుకు పావు అంగుళం పైన కాండాన్ని కత్తిరిస్తే అటొకటి, ఇటొకటి కొమ్మలు లేస్తాయి. అవి ఎదిగాక వాటి కొనలూ అలాగే కోస్తే మొక్క గుబురు కడుతుంది. హోటల్ వాళ్లకు కావలసిన లేత ఆకు ఆ కొనల్లోనే ఉంటుంది.

కొత్త మొక్క జానెడు ఎత్తు పెరిగి, మూడు నాలుగు జతల ఆకులు వేశాక మొదటిసారి కొన తుంచండి. ఆ తర్వాత రెండు మూడు వారాలకో కోత వస్తుంది. మామూలు కోతల్లో ఒక్కసారిగా మొక్కలో మూడో వంతుకు మించి తీయవద్దు. ఆకులేని, చెక్కబారిన కాండం దాకా కోస్తే మళ్లీ చిగురించడం కష్టం.

ఇప్పుడు పూసిన మొక్కల్లో సగం కొమ్మలను పూవెన్నులతో సహా, బలమైన ఆకుల జత పైదాకా కత్తిరించండి. పది రోజులాగి మిగతా సగం తీయండి. కోత తర్వాత మొదళ్లలో కాస్త వర్మీకంపోస్టు వేసి తడి ఇవ్వండి. ఇకపై వెన్ను కనిపించిన రోజే తుంచేయాలి. పూత ముదిరితే ఆకు చేదెక్కుతుంది. గట్టు పక్కన రెండు మొక్కలు పూతకు వదిలితే తేనెటీగలు వస్తాయి. సబ్జా గింజలు కూడా ఈ జాతి మొక్కవే. అయితే కిరాణా కొట్టు సబ్జా చల్లి హోటళ్లకు ఇవ్వవద్దు. వాళ్లకు కావలసింది జెనోవీస్ అనే ఇటాలియన్ బేసిల్ రకం వాసన.

ఇక నల్లబడటం. బేసిల్ వేడి ప్రాంతపు మొక్క. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆకు కణాలు దెబ్బతిని నల్లబడతాయి. ఇంటి ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీలే ఉంటుంది. కొమ్మలతో కోసి, కాడలు మంచినీళ్లలో మునిగేలా బకెట్లో నిలబెట్టి నీడలో ఉంచండి. ఆకులు నీళ్లకు తగలకూడదు. కొత్తిమీరతో కలిపి కోల్డ్ రూములో పెట్టవద్దని హోటల్ వంటవాళ్లకూ చెప్పండి. మంచు ఆరాక, ఎండ ముదరకముందే కోయండి. తడి ఆకు కవర్లో కుళ్లిపోతుంది.

సముద్రపు గాలి తేమకు వానాకాలంలో బూజు తెగులు రావచ్చు. ఆకు పైన పసుపు, అడుగున బూడిద రంగు బూజు కనిపిస్తే ఆ మొక్కలు పీకి దూరంగా పారేయండి. మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం ఉంచి, నీళ్లు మొదళ్ల దగ్గరే పెట్టండి. ఇది పచ్చిగా తినే ఆకు, రసాయన మందులు కొట్టవద్దు. నాలుగైదు కోతలకు మొక్క ముదురుతుంది కాబట్టి, నెలకోసారి ఒక సెంటుకు సరిపడా కొత్త నారు పోసుకుంటూ ఉండండి.