చంకలో గడ్డ: లింఫోమానా, రొమ్ము క్యాన్సరా?

ప్రశ్న: మా అమ్మ వయసు 48. రెండు నెలల కిందట ఎడమ చంకలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు. మామోగ్రామ్ తీసి రొమ్ములో ఏమీ లేదన్నారు. సూది పరీక్ష రిపోర్టులో మాత్రం క్యాన్సర్ కణాలున్నాయని, అది లింఫోమా అయినా కావచ్చు, రొమ్ము నుంచి పాకిందైనా కావచ్చని రాశారు. ఒక డాక్టర్ ఆపరేషన్ చేసి రొమ్ము తీసేద్దామన్నారు. ఇంకొకరు గడ్డ తీసి ఐహెచ్‌సీకి పంపాలన్నారు. కత్తి పెడితే పాకుతుందని మా పెద్దమ్మ వద్దంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండో డాక్టర్ చెప్పిందే చేయండి. ఏ క్యాన్సరో తేలకుండా రొమ్ము జోలికి వెళ్లొద్దు.

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ కణాలు బయటికి పాకితే సాధారణంగా ముందు చేరేది చంకలోని లింఫ్ గ్రంథులకే. లింఫోమా అలా కాదు, గ్రంథిలో ఉండే తెల్ల రక్తకణాల నుంచే పుడుతుంది. ఒకటి చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసింది, రెండోది ఆ ఇంట్లోనే పుట్టింది. పైకి రెండూ గడ్డలే. చేత్తో నొక్కి చూస్తే లింఫోమా గడ్డ రబ్బరులా, రొమ్ము నుంచి పాకింది గచ్చకాయలా గట్టిగా తగులుతుందని మాకు చదువుకునే రోజుల్లో చెప్పేవారు. చాలాసార్లు నిజమే. కానీ ఆ స్పర్శను నమ్మి ఆపరేషన్ చేయలేం కదా.

సూది పరీక్షలో ఎందుకు తేలలేదంటే, అందులో వచ్చేది చుక్కంత ద్రవం, కొన్ని విడి కణాలు. మామూలుగా రొమ్ము క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులుగా కనిపిస్తాయి. లింఫోమా కణాలు నేల మీద ఒలికిన ఆవాల్లా ఎక్కడివక్కడ విడివిడిగా ఉంటాయి. కణాలు మరీ రూపు చెడిపోతే మాత్రం అనుభవమున్న పెథాలజిస్టుకు కూడా తేడా పట్టడం కష్టం. మీకు రిపోర్టు రాసినాయన తేల్చలేనని నిజాయతీగా రాశారు. అది తప్పు కాదు, మంచి పని.

అందుకే గడ్డ మొత్తం గానీ, లావు సూదితో ముక్క గానీ తీసి ఐహెచ్‌సీ చేస్తారు. కణాల మీద ఏ ప్రొటీన్లున్నాయో రంగు వేసి చూడటమే ఈ పరీక్ష. రొమ్ము క్యాన్సరైతే సైటోకెరాటిన్ అనే ప్రొటీన్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తెల్ల రక్తకణాల మీద ఉండే సీడీ45 తిరగదు. లింఫోమాలో సాధారణంగా దీనికి తలకిందులు. బీ కణాలనే తెల్ల రక్తకణాల నుంచి పుట్టే లింఫోమాల్లో సాధారణంగా సీడీ20 అనే ప్రొటీన్ కూడా పాజిటివ్ వస్తుంది. రొమ్ముదే అని తేలితే అదే ముక్క మీద ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు), హెర్2 (కణం పెరుగుదలను పెంచే ప్రొటీన్) పరీక్షలు కూడా చేస్తారు. మందులు నిర్ణయించేది అవే. రిపోర్టుకు వారం పది రోజులు పట్టవచ్చు. ఆ కాస్త ఆలస్యానికి టెన్షన్ పడొద్దు. ఆయాసం, ముఖం వాపు లాంటివి మొదలైతే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే వైద్యాలు పూర్తిగా వేరు. లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ రకమైతే ఆర్-చాప్ అనే మందుల కలయిక 21 రోజులకోసారి, చాలామందికి ఆరు విడతలు ఇస్తాం. రొమ్ము తీయాల్సిన పనే లేదు. రొమ్ములోనే లింఫోమా మొదలయ్యే కేసులూ ఉంటాయి. రొమ్ములో వచ్చే క్యాన్సర్లలో అవి ఒక శాతం లోపే. వాటికీ రొమ్ము తీసేయడం వైద్యం కాదు. ఇక రొమ్ము క్యాన్సరే అని తేలితే, మామోగ్రామ్‌కు దొరకని కణితి కోసం రొమ్ముకు ఎమ్మారై తీయించాలి. అందులోనూ కనిపించకపోతే చంక గ్రంథులు తీసి, రొమ్మును ఉంచి రేడియేషన్ ఇచ్చే దారి ఉంది. అంటే మీ అమ్మగారికి మొదటి డాక్టర్ చెప్పిన ఆపరేషన్ ఈ రెండింట్లో దేనికీ అవసరం పడకపోవచ్చు.

పెద్దమ్మగారి భయం చాలా ఇళ్లలో వినేదే. కత్తి పెట్టడం వల్ల పాకదు. ఆ భయంతో నెలల తరబడి ఆగిపోతే ఈలోగా జబ్బే పాకుతుంది.

జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమటలు, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. ఇవి లింఫోమాలో ఉంటాయి. చిక్కేమిటంటే టీబీలోనూ ఉంటాయి. మన దగ్గర టీబీతో గ్రంథులు వాచడం మామూలే కాబట్టి ముక్కలో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా వేసే మందు నీళ్లు) వేయకుండా సెలైన్‌లో టీబీ పరీక్షకు పంపమని సర్జన్‌ను ముందే అడగండి. ఫార్మలిన్‌లో పడ్డాక టీబీ కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, అది పనికిరాదు.

బయాప్సీ, అంటే ముక్క తీసే పని, అయ్యేదాకా ఎవరి సలహా మీదా స్టెరాయిడ్ వేయించకండి. ఒళ్లు నొప్పులకని వీధి చివర క్లినిక్‌లో ఇచ్చే డెక్సా ఇంజెక్షన్ కూడా వద్దు, అదీ స్టెరాయిడే. స్టెరాయిడ్‌కు లింఫోమా గడ్డ చప్పున కరుగుతుంది. ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందని సంబరపడతారు. కొన్నాళ్లకే గడ్డ మళ్లీ లేస్తుంది. ఈ మధ్యలో ముక్క తీస్తే అందులో ఏమీ తేలకపోవచ్చు. ఆమె ఇప్పటికే ఆస్తమాకో కీళ్ల నొప్పులకో స్టెరాయిడ్ వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి.

రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి. బ్లాకు అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీకి అంటుకున్న మైనం ముద్ద, అమ్మగారి ముక్క ఉండేది అందులోనే. విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్తే మొదట అడిగేది అదే. బ్లాకు చేతిలో ఉంటే మళ్లీ కోయకుండా దాని మీదే పరీక్షలు చేసుకోవచ్చు. ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరగొచ్చు.