ఆ ఇంజక్షన్ వేయించుకున్నప్పటి నుంచి ఒళ్లంతా ఆవిర్లే!

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందని లాప్రోస్కోపీ చేసి తీశారు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయ లోపొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) మళ్లీ ముదరకుండా నెలకో ల్యూప్రోలైడ్ 3.75 మి.గ్రా. ఇంజక్షన్ రాశారు. మొదటిది వేయించుకున్న వారానికి నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది, తర్వాత ముట్టు కూడా వచ్చింది. రెండోది అయ్యాక ముట్టు ఆగింది గానీ రోజుకు ఏడెనిమిదిసార్లు ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు. వేడి చేసిందని మా అత్తమ్మ సబ్జా నీళ్లు ఇస్తోంది. దీనికితోడు రోజూ నోరెథిస్టిరాన్ 5 మి.గ్రా. మాత్ర వేసుకోమన్నారు. కొండకు పోయేటప్పుడు నెలసరి వాయిదాకు వేసుకునేది అదే కదా! ముట్టే లేనప్పుడు అదెందుకని పక్కన పెట్టేశాను. మూడో ఇంజక్షన్ మానేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. మీరు చెబుతున్న బాధలకు విరుగుడుగానే దాన్ని రాశారు. ల్యూప్రోలైడ్ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని అణచి, అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తయారీని దాదాపు ఆపేస్తుంది. ఈస్ట్రోజెన్ అందకపోతే ఎండోమెట్రియోసిస్ పెరగదు. కానీ ఎముకల గట్టిదనానికీ, నిద్రకూ, ఒంటి వేడిని సర్దే మెదడు భాగానికీ, యోనిలో తేమకూ కావాల్సింది ఆ ఈస్ట్రోజెనే. అందుకే మెనోపాజ్ లక్షణాలన్నీ ముప్ఫై ఏళ్లకే మొదలయ్యాయి. నోరెథిస్టిరాన్ రోజూ వేసుకుంటే ఆవిర్లు తగ్గుతాయి, ఎముక అరుగుదల నెమ్మదిస్తుంది, ఇంజక్షన్ పనికి అడ్డు రాదు. ఈ పద్ధతిని యాడ్‌బ్యాక్ అంటారు. నెలసరి వాయిదాకైతే సాధారణంగా రోజుకు మూడు చొప్పున కొద్దిరోజులే వాడతారు. ఇక్కడ రోజుకొకటి, ఇంజక్షన్లు నడిచినంత కాలం. గతంలో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నా ఈ మాత్ర పనికిరాదు. అలాంటివారికి ఆవిర్లు తగ్గించే హార్మోన్ లేని మందులున్నాయి. మీకవేమీ లేకపోతే, డాక్టరుకు ఒక్క మాట చెప్పి మాత్ర మళ్లీ మొదలుపెట్టండి, మూడో ఇంజక్షన్ తేదీ తప్పనివ్వకండి.

మొదటి నెల నొప్పి పెరగడం మందు వికటించడం కాదు. ఈ ఇంజక్షన్ గ్రంథిని అణచే ముందు కొద్దిరోజులు ఎగదోస్తుంది. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పెరిగి, ఆపై పడిపోతుంది. పడిపోయినప్పుడు రక్తస్రావం అవుతుంది. ఈ మాట ముందే చెప్పి ఉంటే మీకంత కంగారు ఉండేది కాదు.

సబ్జా నీళ్లు తాగండి, తప్పులేదు, కాకపోతే ఆవిర్లు వాటికి లొంగవు. ఎండవేడికీ ఆవిరికీ తేడా తెలుసుకోండి: ఆవిరి ఛాతీ దగ్గర మొదలై మెడకూ ముఖానికీ ఎగబాకుతుంది, కొద్ది నిమిషాల్లో చెమట పట్టి చల్లబడుతుంది. రోజంతా ఒళ్లు కాలుతుంటే అది జ్వరం కావచ్చు, థర్మామీటరు పెట్టి చూడండి. సాయంత్రం కాఫీ, రాత్రి కారం పులుసులు తగ్గిస్తే కొందరికి నిద్ర మెరుగవుతుంది.

ఎముకల విషయంలో మాత్రం అలక్ష్యం వద్దు. యాడ్‌బ్యాక్ లేకుండా ఆరు నెలలు వాడితే వెన్నెముక సాంద్రత సుమారు 3 శాతం, కొందరిలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆపాక చాలావరకు కోలుకుంటుంది గానీ అందరిలో పూర్తిగా కాదు. అందుకే మాత్ర లేకుండా ఆరు నెలలు దాటించరు. మాత్రతో కలిపి మామూలుగా ఏడాది వరకు. రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలి. 100 గ్రా. రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది కాబట్టి మన సంగటి ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. మిగతాది పాలు, పెరుగు. కాల్షియం మాత్ర కొనేటప్పుడు అట్ట వెనక చదవండి: కాల్షియం కార్బోనేట్ 1250 మి.గ్రా. అంటే అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. అన్నం తిన్నాక వేసుకోండి, ఐరన్ మాత్రతో కలపకండి. 60,000 యూనిట్ల విటమిన్ డి డాక్టరు రాస్తేనే, సాధారణంగా వారానికొకటి. రోజూ వేసుకుంటే ప్రమాదం.

దిగులు ఎక్కువై బతకాలనిపించకపోయినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, భరించలేని తలనొప్పితో చూపు మసకబారినా తర్వాతి డోసు దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఎండోమెట్రియోసిస్‌కు డైనోజెస్ట్ 2 మి.గ్రా. హార్మోన్ మాత్ర వాడుతున్నా. రెండు నెలలుగా కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తూనే ఉంది. ఇంట్లో పూజ చేయలేకపోతున్నా. పండగలప్పుడు మాత్ర ఆపితే ఆగుతుందా?
– చిత్తూరు

జవాబు: ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. మధ్యలో మానినప్పుడల్లా గర్భాశయ లోపొర ఊడి రక్తం వస్తుంది. మొదటి మూడు నెలలు ఈ చుక్కలు మామూలే, ఆ తర్వాత చాలామందిలో తగ్గిపోతాయి. రోజూ ఒకే వేళకు వేసుకోండి. వేసుకున్న మూడు నాలుగు గంటల్లో వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. ఫిట్స్‌కు కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లేదా టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే దీని బలం తగ్గుతుంది, డాక్టరుకు తప్పక చెప్పండి. గంటకో ప్యాడ్ తడిసేంత అయితే మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఇంకో సంగతి: దీన్ని గర్భనిరోధక మాత్ర అనుకోవద్దు, కండోమ్ వాడాల్సిందే.

ప్రశ్న: మా చెల్లికి ల్యూప్రోలైడ్ ఇంజక్షన్లు అయిపోయాయి. ఇక పిల్లలు పుట్టరని చుట్టాలంటున్నారు.
– పలమనేరు

జవాబు: ఇంజక్షన్ వల్ల గొడ్డుతనం రాదు. నెలకోసారి వేసేదైతే చివరి డోసు తర్వాత సాధారణంగా రెండు మూడు నెలల్లో ముట్టు తిరిగొస్తుంది. మూడు నెలల డోసైతే ఇంకాస్త ఆలస్యం. జబ్బు ట్యూబులను అంటించేసి ఉంటే గర్భం నిలవడం కష్టం కావచ్చు, అది వేరే సంగతి. ముట్టు రాకముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, పిల్లలు కావాలనుకుంటే ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. నాలుగు నెలలైనా ముట్టు రాకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుని, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లమనండి.