నారింజ రసం కలిపితే బెయిలీస్ విరిగితే ఏం చేయాలి?

క్రిస్మస్ విందు కోసం బెయిలీస్ అనే ఐరిష్ మీగడ మద్యంలో నారింజ రసం కలపగానే గ్లాసులో తరకలు తేలాయనీ, సీసా పాడైపోయిందేమోననీ మీరు అడిగారు. సీసాలో లోపమేమీ లేదు. అందులో ఉన్నది నిజమైన పాలమీగడ కాబట్టి, పుల్లని రసం తగలగానే కేసీన్ అనే మాంసకృత్తు, నిమ్మకాయ పిండిన పాలలో లాగే, గడ్డకట్టి విడిపోతుంది. ఆ తర్వాత ఎంత గిలకొట్టినా కలవదు.

మీకు కావలసింది నారింజ పరిమళమే గనుక, రసాన్ని మానేసి, నారింజ తొక్కలతో తయారయ్యే క్వాంట్రో అనే తియ్యని మద్యం వాడండి. 45 మి.లీ. బెయిలీస్, 15 మి.లీ. క్వాంట్రో, 30 మి.లీ. చల్లని చిక్కటి పాలను ఐసు ముక్కలతో షేకర్‌లో పోసి, దాని బయటివైపు చెమ్మ పట్టేదాకా బాగా కుదిపి, చిన్న గ్లాసుల్లోకి వడకట్టి, పైన జాజికాయను రవ్వంత గీరండి. బెయిలీస్‌లో ఆల్కహాలు 17 శాతమే గాని క్వాంట్రోలో 40 శాతం. తియ్యగానే ఉంది కదా అని ధారాళంగా పోస్తే అతిథులకు తెలియకుండానే తలకెక్కుతుంది.

పుల్లటిది కోరేవారికి వోడ్కా, క్వాంట్రో, క్రాన్‌బెర్రీ రసం, కాస్త నిమ్మరసం వేరే జగ్గులో కలపండి. ఐసు మాత్రం వడ్డించేటప్పుడే గ్లాసుల్లో వేయండి.