విక్టరీ కంటే ముందు ఒక చిన్న పడవ

పెరంబూరు,
చెన్నై

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ముక్కలు అతికించి కట్టే బొమ్మ కొయ్య ఓడ కిట్ కొనబోతున్నావట, అది కూడా హెచ్.ఎమ్.ఎస్. విక్టరీ అట, వచ్చే ఏడు మీ నాన్న షష్టిపూర్తి నాటికి పూర్తి చేసి ఆయన ముందు పెడతానంటున్నావట. వినగానే కడుపు నిండిపోయింది. మన ఇంట్లో మళ్ళీ ఒకడు చెక్క చేతిలోకి తీసుకుంటున్నాడు కదా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇంకా ఆర్డర్ పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చెయ్యి. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, మీటింగ్ ఉంది" అంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదువు.

ఆ ఓడ మీద నీ మనసు పడటంలో తప్పేమీ లేదు. 1765లో ఇంగ్లండులోని చాతమ్‌లో నీళ్ళలోకి దిగిన యుద్ధనౌక అది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ దాని మీదే ప్రాణం వదిలాడు. ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో నిలబెట్టి ఉంచారు. కానీ 104 ఫిరంగులు నాయనా! కిట్‌లో పైకి కనిపించే ప్రతి ఫిరంగికీ ఒక బండి, దానికి నాలుగేసి చక్రాలు, అటూ ఇటూ తాళ్ళు. తెరచాపలు కట్టే మూడు మాస్టులకూ (స్తంభాలకూ) కట్టే తాడు నిచ్చెనల్లోనే వేల ముళ్ళుంటాయి. 1:72 స్కేలులో, అంటే అసలు ఓడలో 72వ వంతు పొడవుతో కడితే మీటరు దాటుతుంది. మారతహళ్ళిలో నీ గదిలో ఉన్న ఆ ఒక్క బల్ల మీద లాప్‌టాప్ ఎక్కడ పెడతావు, ఓడ ఎక్కడ పెడతావు?

ఇక అసలు సంగతి. మీ నాన్నను అడిగితే చెప్పడు. నీకు తెలియాలి కాబట్టి నేను చెబుతున్నాను.

మీ నాన్న కొత్తగా ఉద్యోగంలో చేరి మద్రాసులో మా ఇంట్లో ఉండేవాడు. పెళ్ళి కాలేదు ఇంకా. వాడి స్నేహితుడొకడు ఓడల్లో పని చేసేవాడు. వాడు ఇటలీ నుంచి ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. నువ్వు ఇప్పుడు కొనాలనుకుంటున్న ఓడే. మీ నాన్న అంతకుముందు చిన్న పడవ కూడా కట్టలేదు. అయినా వాడి చేతులు ఎలాంటివో నాకు తెలుసు. ఐ.సి.ఎఫ్. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చెక్కపని చేసినవాణ్ణి, మంచి చెయ్యి చూస్తే గుర్తుపట్టనా? మన వంశంలో అంత నాజూకైన చెయ్యి ఇంకొకరికి లేదు, నాక్కూడా లేదు.

పెట్టెలో పటాలున్నాయి, వివరణంతా ఇటాలియన్‌లో ఉంది. పటాలు చూసి వెన్నులాంటి కీల్ నిలబెట్టాడు, అడ్డపలకలన్నీ దాంట్లో దిగేశాడు. అంతవరకు ముచ్చటగా ఉంది. ఆ తర్వాత చెయ్యాల్సిన పని ఒకటుంది. అడ్డపలకల అంచులు ఓడ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడే పైన వేసే సన్నని పట్టీలు ప్రతి అడ్డపలకకూ ఒళ్ళంతా ఆనుకుంటాయి. ఆ పని విసుగు. మీ నాన్న సగం సగం చేసి వదిలేశాడు. పట్టీలు వెయ్యడం మొదలుపెట్టాక ఆ ఉత్సాహంలో ఎడమవైపు మొత్తం పై నుంచి కింది దాకా మూసేశాడు. నాకు ఆ వారాలన్నీ నైట్ షిఫ్టు. సెలవు రోజున చూసేసరికి ఎడమవైపు పూర్తయిపోయింది, కుడివైపు ఎముకలు కనిపిస్తున్నాయి.

నేను దాన్ని ఎత్తి ఒక కన్ను మూసి కీల్ వెంబడి చూశాను. అరటి ఆకు ఈనెలా వంగి ఉంది. తడిపి వంచిన పట్టీ ఆరేటప్పుడు బిగుసుకుంటుంది, జిగురూ బిగుసుకుంటుంది. అవన్నీ ఒకే పక్క లాగితే లోపలి పలచటి కీల్ ఎంతసేపు నిలబడుతుంది? పైగా అది ఈశాన్య ఋతుపవనాల కాలం, గోడలే చెమ్మగిల్లే మద్రాసు. అందుకే పట్టీలు ఇటు ఒకటి వేస్తే అటు ఒకటి వెయ్యాలి. మన తాళ్ళరేవు వైపు పడవలు కట్టే మేస్త్రీల దగ్గర చిన్నప్పుడు నేను చూసింది కూడా అదే. రెండు పక్కలా సమంగా పైకి వస్తారు తప్ప, ఒక పక్క ముగించి రెండో పక్కకు వెళ్ళరు.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఓడ మధ్యలో పొట్ట వెడల్పు, ముక్కు దగ్గర ఇరుకు. ఒకే వెడల్పున్న పట్టీలు ముక్కు దగ్గరకొచ్చేసరికి చోటు చాలక ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి. ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నగా చెక్కుకుంటూ పోవాలి. మీ నాన్న చెక్కలేదు, నొక్కి మేకులు కొట్టాడు. కొన్ని పట్టీలు నిలువునా చీలాయి. వాడికి చెప్పేవాళ్ళు లేరు. ఆ కిట్ తయారు చేసినవాళ్ళు, కొనేవాడికి ఇదంతా వచ్చనే అనుకున్నారు.

ఆ రోజు వాడేమీ మాట్లాడలేదు. దుప్పటి కప్పి మంచం కిందికి తోశాడు. తర్వాత పారెయ్యమన్నాడు. నేను పారెయ్యలేదు. అది కాదు నా బాధ. ఆ తర్వాత మీ నాన్న చేత్తో ఏదీ చెయ్యలేదు. నీకు చిన్నప్పుడు బొమ్మబండి చెయ్యమంటే బజారులో కొనిచ్చాడు. ఇంట్లో మేకు కొట్టాలన్నా కార్పెంటర్‌ని పిలుస్తాడు. ఏదన్నా కొత్తగా మొదలుపెడదామంటే "మనకెందుకు అన్నయ్యా" అంటాడు. ఆ మాట నీ నోటి నుంచి వినడం నాకు ఇష్టం లేదు. నేను భయపడుతున్నది డబ్బు పోతుందని కాదురా.

కాబట్టి నా మాట విను. మోడల్ షిప్‌వేస్ అనే అమెరికా కంపెనీ కొత్తవాళ్ళ కోసమే మూడు కిట్లు ఒక వరసగా చేసింది. డేవిడ్ ఆంచెర్ల్ అనే ఆయన రూపొందించాడు. మొదటిది లోవెల్ గ్రాండ్ బ్యాంక్స్ డోరీ, 1:24 స్కేలు. రెండోది నార్వీజియన్ సెయిలింగ్ ప్రామ్ అనే చిన్న తెరచాప పడవ, 1:12. మూడోది మస్కాంగస్ బే లాబ్‌స్టర్ స్మాక్ అనే పెద్దరొయ్యల వేట పడవ, మళ్ళీ 1:24. నువ్వు డోరీతో మొదలుపెట్టు. అట్లాంటిక్‌లో కాడ్ చేపలు పట్టేవాళ్ళు వాడిన పడవ అది. అడుగు చదునుగా ఉంటుంది. మధ్య బల్లలు తీసేసి పెద్ద ఓడ డెక్కు మీద గిన్నెల్లా ఒకదాంట్లో ఒకటి పేర్చుకునేవాళ్ళు. అమెరికాలో ఏమ్స్‌బరీ అనే ఊళ్ళో 1793లో మొదలైన లోవెల్ వాళ్ళ పడవల షాపు ఇప్పటికీ ఉంది. అక్కడి పడవే ఇది. ఒక్కో పక్కా వేసే పలకలు కొన్నే, అవీ వెడల్పుగా ఉంటాయి. మాస్టుల తాళ్ళ గొడవ లేదు. అయినా చెక్క వంచడం, అరగదీయడం, రెండు పక్కలా సమంగా పోవడం అన్నీ అందులోనే నేర్చుకుంటావు. తెరచాప రెండో కిట్‌లో వస్తుంది. షష్టిపూర్తికి పీటల దగ్గర ఆ డోరీ పెట్టు చాలు. పూర్తయిన చిన్న పడవను మీ నాన్న చేత్తో తడిమి చూస్తాడు. సగం కట్టిన విక్టరీ వైపు కన్నెత్తి చూడడు. వాడు నా తమ్ముడు, నాకు తెలుసు.

స్కేలు సంగతి కూడా అర్థం చేసుకో. పెట్టె చిన్నది కాబట్టి పని తేలిక అనుకోవద్దు. మీ అమ్మ ఇంకో మాట అంది, కొయ్య కాకపోతే ప్లాస్టిక్ ఎమ్డెన్ కొంటానన్నావట. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ ఓడ అది. హైకోర్టు గోడకు పెట్టిన ఫలకం నీకు చిన్నప్పుడు చూపించాను, గుర్తుందా? రెవెల్ అనే బొమ్మ కిట్ల కంపెనీ వాళ్ళు దాన్ని 1:350లో చేశారు. 118 మీటర్ల ఓడ కాస్తా మూరెడు కూడా ఉండదు. రెయిలింగులు, పొగగొట్టాల తీగలు పట్టుకారుతో పట్టుకోవాల్సిందే. చిన్న పడవను పెద్ద స్కేలులో తీసుకుంటే ముక్కలు చేతికి అందుతాయి, కంటికి ఆనుతాయి. పెద్ద ఓడను చిన్న స్కేలులో తీసుకుంటే ప్రతి ముక్కా పరీక్షే. ఎమ్డెన్ తర్వాత కట్టుకో.

కొనేటప్పుడు తొందరపడకు. పేరున్న కిట్‌ను మక్కీకి మక్కీ దించి సగం ధరకు అమ్మేవాళ్ళు ఆన్‌లైన్‌లో బోలెడంత మంది. వాటిలో ముక్కలు తక్కువ వస్తాయి, పటాలు మసకగా ఉంటాయి. ఒక ముక్క విరిగితే అడగడానికి దిక్కుండదు. విడి ముక్కలు పంపిస్తారా అని ముందే అడుగు. వివరణ పుస్తకం ఆన్‌లైన్‌లో దొరికితే కొనకముందే చదువు. అర్థం కాని చోట్లు ఎక్కువుంటే ఆ కిట్ వద్దు. విదేశం నుంచి వస్తే కస్టమ్స్ డ్యూటీ, ట్యాక్సు కూడా లెక్కలో వేసుకో. పార్సిల్ గుమ్మం ముందుకొచ్చాక టెన్షన్ పడటం దేనికి?

పనిముట్ల సెట్లు కొనొద్దు. మంచి కత్తి, దానికి అదనపు బ్లేడ్లు, స్టీలు స్కేలు, మూడు రకాల గరుకు కాగితం, బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, ఫెవికాల్ చాలు.

ఫెవిక్విక్ లాంటి జిగురు దగ్గర మాత్రం జాగ్రత్త, ఇది మరిచిపోకు. అది ఒలికితే నూలు గుడ్డతో, దూదితో తుడవకు. నూలుకు తగిలితే వేడెక్కి పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది. కిటికీ తెరిచి పెట్టు, కళ్ళద్దాలు పెట్టుకో. ఇంకోటి, రాత్రి పదకొండుకు ఆఫీసు కాల్స్ అయ్యాక కత్తి పట్టుకోకు. మొద్దుబారిన బ్లేడూ నిద్రమత్తూ కలిస్తే వేళ్ళకు ప్రమాదం. ఆదివారం పొద్దున్నే కూర్చో, వెలుతురుంటుంది. బ్లేడు పని చెయ్యడం లేదనిపిస్తే నొక్కకు, మార్చు. నేను తిడుతున్నాననుకోకు. నువ్వు పుట్టినప్పుడు నీ వేళ్ళు లెక్కపెట్టింది మీ పెద్దమ్మ, ఇప్పుడూ అన్నీ అలాగే ఉండాలంటోంది.

బెంగళూరు గాలి పొడి, అది నీకు కలిసొస్తుంది. అక్కడ ఆరిన పడవను ఇక్కడికి తెచ్చి నెలల తరబడి వదిలేస్తే చెమ్మ పీలుస్తుంది, కాబట్టి లోపలా బయటా వార్నిష్ వేసి గానీ తీసుకురాకు. పలకలు అతికించే ముందు ఒకసారి ఫోటో తీసి పంపు. పై నుంచి కాదు, ముక్కు వైపు నుంచి అడుగు వెంబడి తియ్యి, తిన్నగా ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. పూర్తయ్యాక రైల్లో తెచ్చేటప్పుడు అట్టపెట్టెలో పెట్టి ఒళ్ళో పెట్టుకో. పైన సూట్‌కేసుల మధ్య పెడితే మాత్రం నేను ఊరుకోను.

ఏ కిట్ ఆర్డర్ పెట్టావో మీ అమ్మకు కాదు, నాకు చెప్పు.

మీ పెదనాన్న